కణం నుంచే కణం

కొండాపూర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటు కడుతున్నారు. దాని పక్కన ఇంకా పగలగొట్టని గుండు ఒకటి మిగిలి ఉంది. ఏనుగంత గుండు. మధ్యాహ్నం దాని నీడలో కూలి ఆడవాళ్ళు సద్ది విప్పుకుంటారు.

గుండుకు ఒక పగులు ఉంది. ఆ పగులులో జానెడు రావి మొక్క మొలిచింది. అక్కడ పిడికెడు మట్టి కూడా లేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు. అయినా ఎర్రటి లేత చిగురు వేసింది.

ఒకరోజు ఒక ముసలమ్మ అంది:

"ఈ గుండు కూడ పెరుగుతదంట. మా ఊర్ల పెద్దోళ్ళు అనేటోళ్ళు."

ఆమె కోడలు నవ్వింది. "మొక్క పెరుగుతది గానీ గుండు యాడ పెరుగుతది అత్తా? దానికి పానం ఉంటదా?"

"మరి నా కొడుకు తోలే ఆటోకు పానం ఉన్నట్టా, లేనట్టా? పెట్రోలు తాగుతది. ఉరుకుతది. పొగ ఇడుస్తది. నీ లెక్కనే మొత్తుకుంటది."

అందరూ పకపకా నవ్వారు. నవ్వారు గానీ జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ముసలమ్మ అడిగింది చిన్న ప్రశ్న కాదు. ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఏమిటి? చదువుకున్నవాళ్ళు కూడా వందల ఏళ్ళు తల పట్టుకున్న ప్రశ్న ఇది.

ముందు గుండు సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. భూమి లోపల కరిగి ఉన్న రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. దాని పైనున్న మట్టి వానలకు కొట్టుకుపోయింది. రాయి బయటపడింది. మట్టి పోయేకొద్దీ గుండు ఇంకా ఇంకా పైకి కనిపిస్తుంది. అందుకే పెద్దవాళ్ళకు అది పెరిగినట్టు అనిపించింది. నిజానికి అది పెరగదు. ఎండకు, వానకు అరుగుతుంది. పగులుతుంది. అంతే.

ఇక రావి మొక్క. ఏదో పిట్ట రావి పండు తిని ఉంటుంది. ఆ గుండు మీద వాలి రెట్ట వేసి ఉంటుంది. రెట్టలో గింజ ఉంది. నాలుగు చినుకులు పడగానే గింజ మొలిచింది. వేరు పగులులోకి పోయి తడి వెతుక్కుంది. ఆకు వెలుతురు వైపు తిరిగింది. ఎండను, గాలిని, నీళ్ళను కలిపి ఆకు తన అన్నం తానే వండుకుంటుంది. మనలాగే గాలి పీల్చి వదులుతుంది. పెరుగుతుంది. ఒకనాడు కాయలు కాస్తుంది. ఆ గింజల నుంచి మళ్ళీ రావి మొక్కలే వస్తాయి. ఆ తర్వాత ఎప్పుడో చచ్చిపోతుంది.

తినడం, ఊపిరి తీయడం, పనికిరానిదాన్ని బయటికి పంపడం, పెరగడం, తాకితే తెలుసుకోవడం, తనలాంటి దాన్ని కనడం, చావడం. ఇవన్నీ ప్రాణం ఉన్నవాటి గుర్తులు. తాకితే తెలుసుకోవడం అంటే మనుషులకు, పశువులకే కాదు. అత్తిపత్తి ఆకును వేలితో ముట్టుకోండి. టక్కున ముడుచుకుంటుంది.

మరి ఆటో? అది తాగుతుంది, ఉరుకుతుంది, పొగ వదులుతుంది. కానీ ఈ ఏడు కొన్న ఆటో వచ్చే ఏడుకు వేలెడు కూడా పెరగదు. రెండు ఆటోలు ఒకచోట కట్టేస్తే పిల్ల ఆటో పుట్టదు. పుడితే ఆటోవాళ్ళందరికీ అప్పులు తీరేవి. అన్నిటికంటే పెద్ద తేడా మరొకటి ఉంది. టైరుకు మేకు గుచ్చుకుంటే ఎవరో ఒకరు పంక్చరు వెయ్యాలి. అదే మీ వేలు కత్తిపీటకు తెగితే? నాలుగు రోజుల్లో దానంతట అదే పూడుకుంటుంది. ఎవరు పూడ్చారు?

ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

పైన చెప్పిన గుర్తులతో కొన్నిసార్లు చిక్కు వస్తుంది. పొయ్యిలో మంట కట్టెలను తింటుంది, పెరుగుతుంది, పక్క గుడిసెకు పాకుతుంది. కానీ మంటకు ప్రాణం లేదు. డబ్బాలో దాచిన చిక్కుడు గింజ తినదు, కదలదు, పెరగదు. కానీ దానికి ప్రాణం ఉంది. కంచర గాడిదకు పిల్లలు పుట్టరు. అయినా అది బతికున్నదే. అందుకని గట్టి గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తు పేరే కణం.

చిన్న చిన్న గదులు

కణాన్ని ఇంగ్లీషులో సెల్ అంటారు. సెల్ అనగానే అందరికీ ఫోను గుర్తుకు వస్తుంది. ఇది ఆ సెల్ కాదు. టార్చిలైటులో వేసే సెల్ కూడా కాదు. ఆ మాటకు అసలు అర్థం చిన్న గది అని.

1665లో లండన్ నగరంలో రాబర్ట్ హుక్ అనే ఆయన సీసాకు పెట్టే బెరడు బిరడాను పల్చగా కోశాడు. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. సూక్ష్మదర్శిని అంటే మైక్రోస్కోపు. కంటికి కనిపించని వాటిని పెద్దగా చేసి చూపే అద్దాల గొట్టం. దవాఖానలో రక్తం పరీక్ష చేసే చోట మీరు దాన్ని చూసే ఉంటారు. హుక్‌కు ఆ బెరడులో తేనెపట్టు గదుల్లాంటివి కనిపించాయి. అందుకే సెల్ అని పేరు పెట్టాడు. పాపం, ఆయన చూసినవి చచ్చిపోయిన ఖాళీ గదులు.

బతికున్నవి చూసినవాడు ఒక బట్టల వ్యాపారి. పేరు లీవెన్‌హుక్. ఊరు హాలండ్ దేశంలో డెల్ఫ్ట్. కళ్ళతో చూసి తెలుసుకోవాలన్న కోరికతో తన అద్దాలను తానే నూరుకునేవాడు. 1670ల్లో చెరువు నీటి చుక్కను చూశాడు. అందులో బిలబిలమని తిరిగే చిన్న జీవాలు కనిపించాయి. రక్తం చుక్కలో గుండ్రటి ఎర్ర కణాలు కనిపించాయి.

ఆ తర్వాత నూట యాభై ఏళ్ళు గడిచాయి. 1838లో ష్లైడెన్ అనే జర్మనీ శాస్త్రవేత్త చెట్లన్నీ కణాలతోనే తయారయ్యాయని చెప్పాడు. మరుసటి ఏడు 1839లో ష్వాన్ అనే ఆయన జంతువులు కూడా అంతేనని చెప్పాడు. రావి చెట్టు, మేక, చీమ, మనిషి. అన్నీ కణాలే. దీనినే కణ సిద్ధాంతం అంటారు.

గోడ ఇటుకలతో తయారైనట్టు ఒళ్ళు కణాలతో తయారైంది అని పుస్తకాల్లో రాస్తారు. అది సగమే నిజం. ఇటుక అన్నం తినదు. కణం తింటుంది. కణం చుట్టూ పల్చని పొర ఉంటుంది. కావలసినదాన్ని ఆ పొర లోపలికి రానిస్తుంది. అక్కరలేనిదాన్ని బయటికి పంపుతుంది. చాలా కణాల నడుమ కేంద్రకం ఉంటుంది. ఆ కణం ఏం చెయ్యాలో, ఎట్లా చెయ్యాలో కేంద్రకంలో రాసిపెట్టినట్టు ఉంటుంది. అంటే ప్రాణానికి ఉన్న గుర్తులన్నీ ఒక్క కణంలోనే ఉన్నాయన్నమాట.

మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయి. కండలో పొడుగు కణాలు. చర్మంలో పెంకుల్లా పేర్చిన కణాలు. రక్తంలో గుండ్రటి కణాలు. పిల్లల స్కేలు తీసుకోండి. అందులో రెండు చిన్న గీతల నడుమ ఉన్న జాగాను మిల్లీమీటరు అంటారు. ఆ కొంచెం జాగాలో ఎర్ర రక్త కణాలను వరసగా పేరిస్తే సుమారు 130 పడతాయి.

అన్ని కణాలూ ఇంత చిన్నవి కావు. కంటికి కనిపించే కణం మీ వంటింట్లోనే ఉంది. దుకాణంలో కొన్న కోడిగుడ్డు పగలగొట్టండి. అందులోని పచ్చసొన మొత్తం ఒకే ఒక్క కణం.

తోడు లేనిది పెరుగు లేదు

కణాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇదే అసలు సంగతి.

బియ్యంలో పురుగులు వాటంతట అవే పుడతాయని చాలామంది అనుకుంటారు. చెమటకు పేలు పుడతాయని అంటారు. ఒకప్పుడు లోకమంతా అట్లాగే అనుకున్నారు. కుళ్ళిన మాంసం నుంచి పురుగులు పుడతాయని నమ్మారు. 1668లో ఇటలీ దేశంలో రెడి అనే డాక్టరు మాంసం ముక్కలను కొన్ని జాడీల్లో మూత లేకుండా పెట్టాడు. కొన్నిటికి పల్చని గుడ్డ కట్టాడు. గుడ్డ కట్టినవాటిలో మాంసం కుళ్ళింది గానీ పురుగులు పుట్టలేదు. ఎందుకంటే ఈగ లోపలికి పోయి గుడ్లు పెట్టలేకపోయింది. బియ్యం పురుగు కూడా గుడ్డు నుంచే వస్తుంది. పేను కూడా ఈపి నుంచే వస్తుంది.

కణం సంగతి కూడా ఇంతే. ఒక కణం పెరిగి, నడుమకు చీలి, రెండవుతుంది. జర్మనీలో రెమాక్ అనే ఆయన గుడ్డులో పెరుగుతున్న కోడిపిల్ల రక్తంలో కణాలు ఇట్లా చీలడం చూశాడు. అప్పుడు ఆయన మాట చాలామంది వినలేదు. 1855లో విర్కో అనే పేరున్న డాక్టరు అదే మాట గట్టిగా చెప్పాడు. ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుంది అన్నాడు. పేరు విర్కోకే వచ్చింది. లోకంలో ఇట్లా జరుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి ఏ శాస్త్రవేత్తా చెప్పక ముందే ఆడవాళ్ళకు చేతికి తెలుసు. ఎట్లాగంటారా? ఇంట్లో తోడు అయిపోతే ఏం చేస్తారు? గిన్నె పట్టుకుని పక్కింటికి పోతారు. "అక్కా, ఇంత తోడు ఇయ్యి" అని అడుగుతారు. గోరువెచ్చని పాలలో ఆ చెంచాడు పెరుగు కలుపుతారు. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఆ చెంచాడు పెరుగులో కోట్ల సంఖ్యలో బతికున్న సూక్ష్మజీవులు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క కణం. అవి పాలలోని చక్కెరను తిని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగాయి. పాలు తోడుకున్నాయి. మరుగుతున్న పాలలో తోడు వేస్తే పెరుగు కాదు. ఆ వేడికి కణాలు చచ్చిపోతాయి. చచ్చిన కణం నుంచి కొత్త కణం రాదు.

మేలు చేసే కణాలు ఉన్నట్టే కీడు చేసేవి కూడా ఉన్నాయి. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడు గాలి. ఆ మాట తప్పని తేలింది మన సికింద్రాబాద్‌లోనే. 1897లో రొనాల్డ్ రాస్ అనే సైన్యం డాక్టరు అక్కడ దోమల మీద పరిశోధన చేస్తున్నాడు. మలేరియా ఉన్న హుసేన్ ఖాన్ అనే మనిషిని దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. ఆ దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి నలుసులు ఉన్నాయి. మలేరియా రోగి రక్తంలో కనిపించే నలుసులే అవి. మలేరియా జీవి దోమలో పెరుగుతుందని అట్లా తేలింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పని చేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. అణాలు తీసుకున్న హుసేన్ ఖాన్ ఆ తర్వాత ఏమయ్యాడో పుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

మలేరియా జీవి ఒకే ఒక్క కణం. అది మన ఎర్ర రక్త కణంలో దూరి, దాన్ని లోపలి నుంచి తిని, పెరిగి, ఎన్నో పిల్ల కణాలుగా చీలుతుంది. రక్త కణం పగిలిపోతుంది. అప్పుడే చలి, వణుకు, జ్వరం.

రక్తం ఎక్కడ తయారవుతుంది?

మళ్ళీ గుండు దగ్గరికి రండి. ఆ కోడలికి అప్పుడు ఐదో నెల. ఇటుకల తట్ట ఎత్తుకుని రెండో అంతస్తుకు మెట్లెక్కుతుంటే ఆమెకు కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని కూలబడింది. గుండె దడదడ కొట్టుకుంది. నాలుక పాలిపోయి ఉంది.

"దిష్టి తాకింది బిడ్డకు" అని అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి తీస్తే తియ్యవచ్చు. గుప్పెడు ఉప్పు తప్ప పోయేదేమీ లేదు. అంతటితో సరిపెట్టుకుంటేనే చేటు. పక్క గుడిసె ఆమె ఊరుకోక ఆశా అక్కను పిలిచింది. ఆశా అక్క సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూశారు. కార్డు మీద 8.6 అని రాశారు. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ అంకె 11 కంటే తక్కువ ఉండకూడదు. కడుపుతో లేని ఆడవాళ్ళకు 12 ఉండాలి.

ఆ అంకె హిమోగ్లోబిన్‌ది. ఎర్ర రక్త కణాల్లో ఉండే ఎర్రటి పదార్థం పేరు హిమోగ్లోబిన్. దాని పని మోత పని. ఊపిరితిత్తుల దగ్గర గాలిలోని ఆక్సిజన్‌ను ఎత్తుకుని ఒళ్ళంతా పంచుతుంది. మోసే కూలీలు తక్కువైతే మేస్త్రీకి సిమెంటు అందదు. పని ఆగుతుంది. రక్తంలో కూడా అంతే. అందుకే ఆయాసం, నీరసం, కళ్ళు తిరగడం.

ఇక్కడ ఎర్ర కణాల గురించి ఒక వింత చెప్పుకోవాలి. మనిషి ఒంట్లో తయారై రక్తంలోకి వచ్చిన ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు. మోత మోయడానికి జాగా కావాలని కేంద్రకాన్ని బయట పారేసి వస్తుంది. కేంద్రకం లేదు కాబట్టి అది చీలి రెండు కాలేదు. సుమారు 120 రోజులు తిరిగి తిరిగి అరిగిపోతుంది. మరి కొత్తవి ఎక్కడి నుంచి రావాలి? ఎముక లోపలి మూలుగ నుంచి. మూలుగ బొక్క కూర వండినవాళ్ళకు అది తెలుసు. ఆ మూలుగలో తల్లి కణాలు ఉంటాయి. అవి చీలి, చీలి, కొత్త ఎర్ర కణాలను తయారు చేస్తాయి. ఒక్క సెకనులో 20 లక్షలకు పైగా! మీరు ఈ వాక్యం చదివేలోపు ఎన్ని పుట్టాయో లెక్క వేసుకోండి.

ఇన్ని కణాలు పుట్టాలంటే సామాను కావాలి. ముఖ్యంగా రెండు సామాన్లు. ఒకటి ఇనుము, అంటే ఐరన్. హిమోగ్లోబిన్ తయారయ్యేది దానితోనే. అది తక్కువైతే కణాలు చిన్నగా, పాలిపోయి పుడతాయి. ఆడవాళ్ళకు నెలనెలా రక్తం పోతుంది. దానితో ఇనుము కూడా పోతుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేది కూడా ఆడవాళ్ళే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ. అంటే నలుగురు కూర్చుంటే ఇద్దరికి.

రెండో సామాను పేరు ఫోలిక్ యాసిడ్. దాని కథ కొంచెం పెద్దది. మన తెలుగువాడు ఉన్న కథ.

బొంబాయి మిల్లు ఆడవాళ్ళు, భీమవరం డాక్టరు

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పని చేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేక చచ్చిపోతున్నారు. ఆమె వాళ్ళ రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూసింది. కణాలు తక్కువగా ఉన్నాయి. కానీ ఒక్కొక్కటి ఉండవలసినదానికంటే పెద్దగా ఉంది! అదేం వింత? కణాలు పెరుగుతున్నాయి, చీలవలసిన సమయానికి చీలలేకపోతున్నాయి. పిండి ముద్ద పెద్దదవుతోంది గానీ రొట్టెలు కావడం లేదు. అట్లా ఉంది వ్యవహారం.

ఆ ఆడవాళ్ళు ఏం తింటున్నారో ఆమె అడిగి తెలుసుకుంది. ఆకుకూరలు, పండ్లు దాదాపు లేవు. కొన్ని విటమిన్లు ఇచ్చి చూసింది. ఫలితం లేదు. అదే జబ్బు ఉన్న ఒక కోతికి ఈస్టు సారం పెట్టింది. ఈస్టు అంటే రొట్టెను పొంగించే సూక్ష్మజీవి. కోతి కోలుకుంది. ఆడవాళ్ళకు ఇచ్చింది. వాళ్ళూ కోలుకున్నారు. 1931లో ఈ సంగతి లోకానికి చెప్పింది. ఈస్టులో ఉన్న ఆ మందు ఏమిటో మాత్రం అప్పటికి తెలియదు.

పదేళ్ళ తర్వాత, 1941లో, అమెరికాలో 4 టన్నుల పాలకూర నుంచి చిటికెడు మందు తీశారు. అది కణాలు చీలడానికి పనికొచ్చే మందు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. కానీ 4 టన్నుల పాలకూరకు చిటికెడు వస్తే ఎంతమందికి సరిపోతుంది?

ఇక్కడే మన యల్లాప్రగడ సుబ్బారావు వస్తాడు. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో డాక్టరీ చదివాడు. ఆయన అన్న స్ప్రూ అనే జబ్బుతో చచ్చిపోయాడు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఇంట్లో చావు చూసినవాడు కాబట్టి ఆ జబ్బుల మందు వెతకాలన్న పట్టు ఆయనకు ఉంది. 1920ల్లో అమెరికా పోయాడు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్ద అయ్యాడు. ఆయన కింద పని చేసే జట్టు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను పాలకూర అక్కరలేకుండా ప్రయోగశాలలోనే తయారు చేసింది. ఈనాడు అంగన్‌వాడీలో పైసా లేకుండా ఇచ్చే గోలీలో ఉన్నది అదే.

ఆయన అక్కడితో ఆగలేదు. కణాలు చీలడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి గదా. మరి చీలకూడని కణాలు అదుపు లేకుండా చీలుతుంటే? దానినే క్యాన్సర్ అంటారు. ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డం పడే మందులను ఆయన జట్టు తయారు చేసింది. బోస్టన్ నగరంలో ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఆ మందు ఇచ్చాడు. కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో ఈ ఫలితం అచ్చయింది. ఆ జాతి మందు ఒకటి, మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు. అదే 1948లో సుబ్బారావు అమెరికాలో చనిపోయాడు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. కణం మీద పరిశోధన చెయ్యడానికే మన హైదరాబాద్‌లో, హబ్సిగూడ దగ్గర, సీసీఎంబీ అనే పెద్ద సంస్థ ఉంది. 1977లో మొదలైంది.

ఒకటి, రెండు, నాలుగు

కడుపుతో ఉన్నవాళ్ళకే ఈ మందు ఎక్కువగా ఎందుకు? బిడ్డ మొదట ఒక్క కణం. తల్లి కణం, తండ్రి కణం కలిస్తే ఆ ఒక్క కణం అవుతుంది. అది సన్న ఇసుక రేణువంత. అది చీలి 2. తర్వాత 4. తర్వాత 8. పలక మీద రాసి చూడండి. పదిసార్లు చీలితే 1,024. ఇరవైసార్లు చీలితే 10 లక్షలు దాటుతుంది. కొత్త కణాలు ఇంత జోరుగా పుట్టే కాలం మళ్ళీ జీవితంలో రాదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామనే తెలియదు. ఆ రోజుల్లో ఫోలిక్ యాసిడ్ తక్కువైతే ఆ గొట్టం సరిగా మూసుకోకపోవచ్చు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని డాక్టర్లు చెబుతారు.

ఆ మొదటి కణంలోనే ఆడబిడ్డా, మగబిడ్డా అన్నది తేలిపోతుంది. క్రోమోజోములు అనే పోగులు 23 తల్లి కణం నుంచి, 23 తండ్రి కణం నుంచి వస్తాయి. వాటిలో ఆడ, మగ తేల్చే పోగు తల్లి దగ్గర ఒక్క రకమే. దాని పేరు ఎక్స్. తండ్రి దగ్గర రెండు రకాలు, ఎక్స్, వై. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడబిడ్డ. వై వస్తే మగబిడ్డ. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఒకటే. అయినా ఆడపిల్ల పుడితే తిట్లు పడేది తల్లికే.

నల్లగా వచ్చిందని

దవాఖానలో ఆ కోడలికి ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన ఎర్ర గోలీలు ఇచ్చారు. రక్తం బాగా తక్కువ ఉంది కాబట్టి రోజుకు రెండు వేసుకోమన్నారు. నాలుగు రోజులు వేసుకుంది. తర్వాత మిగిలినవి గుడిసె రేకుల సందులో దాచేసింది.

ఆశా అక్క అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత సిగ్గుపడుతూ చెప్పింది. దొడ్డికి నల్లగా వచ్చిందట. లోపల ఏదో మాడిపోతోందని భయపడిందట. అత్త కూడా "బిడ్డ నల్లగ పుడతడేమో, వద్దు తియ్యి" అన్నదట.

ఒంటికి పట్టని ఇనుము బయటికి పోతుంది. అందుకే నల్లగా వస్తుంది. దానితో బిడ్డ రంగు మారదు. కొందరికి కడుపులో తిప్పినట్టు ఉంటుంది. అట్లాంటివాళ్ళు రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. గోలీని టీతో గానీ, పాలతో గానీ మింగకూడదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్ళతో మింగితే బాగా పడుతుంది. సున్నం గోలీ, అంటే కాల్షియం, ఇచ్చి ఉంటే రెండూ ఒకేసారి వేసుకోకూడదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి.

గోలీ ఉంది కదా అని కూర మానకూడదు. తోటకూర, మునగాకు, రాగులు, సజ్జలు, నువ్వులు, కార్జం, వీటిలో ఇనుము ఉంటుంది. పాలకూర, పెసలు, శనగలు, పల్లీల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఆకుకూరను చాలాసేపు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే ఫోలిక్ యాసిడ్ చాలావరకు నీళ్ళతోనే పోతుంది. జామకాయ గానీ, ఉసిరికాయ గానీ దొరికితే అన్నంతో పాటు తినాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే ఒక గంట ఆగాలి. పని చోట టీ బండివాడు సరిగ్గా తిన్న వెంటనే వస్తాడు. ఏం చేస్తాం, గ్లాసు పక్కన పెట్టుకుంటే చల్లారిపోతుంది. అయినా సరే.

మామూలుగా రక్తం తక్కువ లేని గర్భిణి కూడా నాలుగో నెల నుంచి రోజుకు ఒక గోలీ చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తర్వాత మళ్ళీ 180 రోజులు. 120 రోజులకు పాత కణాలన్నీ పోయి కొత్తవి వస్తాయి గదా. కొత్త కణాలన్నీ నిండుగా పుట్టాలంటే అన్నాళ్ళు సామాను అందుతూ ఉండాలి. ఫోలిక్ యాసిడ్ బదులు బి12 అనే విటమిను తక్కువైనా కణాలు పెద్దవవుతాయి. అందుకే గోలీలు వేసుకున్నా అంకె పెరగకపోతే మళ్ళీ డాక్టరుకు చూపించుకోవాలి.

ఆ కోడలు రేకుల సందులోంచి గోలీలు తీసింది. దుమ్ము పట్టినవి పారేసి ఆశా అక్క దగ్గర కొత్తవి తీసుకుంది. తట్ట మోసే పని మాని, కింద ఇసుక జల్లెడ పట్టే పనికి మారింది. కూలి కొంచెం తగ్గింది. నెల గడిచాక మళ్ళీ దవాఖానకు పోయింది.

ఆ సాయంత్రం గుండు దగ్గర కూర్చుని కార్డు విప్పింది. పాత అంకె పక్కన కొత్త అంకె ఉంది. వేలు పెట్టి చదివింది.

"తొమ్మిది... చుక్క... ఎనిమిది."

"మంచిదేనా?" అత్త అడిగింది.

"మొన్న ఎనిమిది చుక్క ఆరు ఉండె. పదకొండు కావాలె. ఇంకో నెల, నెలన్నర పడతదంట."

ముసలమ్మ ఆ కార్డును తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన గోళ్ళు చూసుకుంది. తెల్లగా ఉన్నాయి.

"రేపు నన్ను గూడ తోలుకపో. నాది ఎంతుందో జూపిద్దాం."